టిక్కెట్టు లేని ఎడారి

ఎడారికి టిక్కెట్టేంటండీ? సినిమాకి టిక్కెట్టంటే అర్థం ఉంది. తీర్థంలో రంగులరాట్నానికి టిక్కెట్టంటే అర్థం ఉంది. ఊరికే పడున్న ఇసుకని చూడ్డానికి మనిషికింత అని కట్టించుకుని, చేతికి రంగు పట్టీ వేసి, "సూర్యాస్తమయం ఐదున్నరకి, ఆలస్యం చెయ్యకండి సార్" అని తొందరపెట్టడం ఈ కాలంలోనే చూశాను. మా రోజుల్లో ఆ ఇసుక ఊరికే వచ్చేది. వద్దన్నా వచ్చేది. చెవుల్లోకి, చెప్పుల్లోకి, అన్నం గిన్నెలోకి, ఉత్తరం మడతల్లోకి దూరేది.

మాది పశ్చిమగోదావరిలో పెనుగొండ. వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి ఊరంటే దేశమంతా గుర్తుపడతారు. కాలవ గట్టు మీద ఆడి, వరిచేలో దిగబడి పెరిగినవాణ్ణి, ఎనభైల్లో కరెంటు పనికని దుబాయ్ వెళ్ళాను. అప్పట్లో మా గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, అటు కరీంనగర్ నుంచి జనం అలాగే వెళ్ళారు. మాకంటే ముందు తరం వాళ్ళయితే ఇంకా చిత్రంగా చెప్పేవాళ్ళు. 1966 దాకా దుబాయ్‌లో చెల్లింది మన రూపాయే. గల్ఫ్ దేశాల కోసం మన రిజర్వు బ్యాంకు 1959లో విడిగా రూపాయి నోట్లే వేసింది. దిర్హమ్ 1973లో వచ్చింది. మనం దిర్హమ్‌ల కోసం పరిగెత్తడం ఆ తరవాతి ముచ్చట.

ఇప్పుడు మా అబ్బాయి అక్కడే కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం చేస్తున్నాడు. ఆమధ్య చలికాలంలో నన్నూ మా ఆవిణ్ణీ తీసుకెళ్ళి, "నాన్నా, రేపు నీకు ఎడారి చూపిస్తా" అన్నాడు. ఆ ఎడారిలో ఎండకి మాడుతూ స్తంభాలు పాతినవాడికి ఎడారి చూపిస్తాడట! సరే, కొడుకు కదా, కాదనలేక బయల్దేరాను. చూసొచ్చాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ముందు అసలు పిక్నిక్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. మా వైపు ఆ మాట కాలేజీ కుర్రాళ్ళు తెచ్చారు గానీ, అసలుది కార్తీక వనసమారాధన. దానికో పద్ధతుంది. ఉసిరిచెట్టున్న తోట చూసుకోవాలి. సిద్ధాంతం రేవులో స్నానం చేసి పడవ మీద లంకలోకి వెళ్ళినా, పేరుపాలెం సముద్రపొడ్డుకి బళ్ళు కట్టుకుని వెళ్ళినా, పని మాత్రం అందరిదీ. మగవాళ్ళు గాడిపొయ్యి తవ్వాలి. గాలి ఎటునుంచి వీస్తోందో చూసి పొయ్యి నోరు అటు పెట్టాలి. వెడల్పు గుండిగ అడుగుకంటే రెండు వేళ్ళు తక్కువుండాలి. ఎక్కువైతే గుండిగ లోపలికి దిగి మంట చచ్చిపోతుంది, మరీ తక్కువైతే కింద సెగ తగలదు. ఎండు కొబ్బరిమట్టలు, డొక్కలు పిల్లలు పోగెయ్యాలి. ఆడవాళ్ళు కందా బచ్చలీ తరుగుతూ, గుమ్మడికాయ పులుసుకి చింతపండు పిసుకుతూ, ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగిందో మొత్తం తేల్చెయ్యాలి. రెండింటికి అనుకున్న భోజనం నాలుగింటికి అయ్యేది. ఆ ఆలస్యమే పిక్నిక్కండి. ఆకు ముందు కూర్చునేసరికి ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలియంది ఉండేది కాదు.

ఆ అలవాటున్న ప్రాణం ఎడారిలో పడితే ఏమవుతుంది? ఎడారిలోనే వనం వెతుక్కుంటుంది.

అప్పటి దుబాయ్ ఇప్పటి వాళ్ళకి చెప్పినా నమ్మరు. 1979లో కట్టిన వరల్డ్ ట్రేడ్ సెంటర్, 39 అంతస్తులది, ఒక్కటే నిలబడి ఉండేది. అది దాటితే ఇక అబుదాబీ దారంతా ఇసుకే. మాకు వారానికి ఉన్న సెలవు శుక్రవారం ఒక్కటి. ఆ ఒక్కరోజులో బట్టలుతుక్కోవాలి, జుట్టు కత్తిరించుకోవాలి, ఇంటికి ఉత్తరం రాయాలి. ఎప్పుడన్నా చలికాలంలో తీరిక దొరికితే, పెషావర్ పఠాన్ ఒకాయన తన పికప్ తీసేవాడు. వెనకాల నీళ్ళ క్యాన్లు, బియ్యం మూట, రెండు గిన్నెలు, ఒక టేప్‌రికార్డరు, వాటి మధ్య మేము. హత్తా రోడ్డు పట్టుకుని పోయేవాళ్ళం. ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలీదు. నచ్చినచోట ఆపడమే.

అలా పోతుంటే ఒకసారి మా ఆచంట మేస్త్రి పికప్ మీద గట్టిగా చరిచి ఆపించాడు. రోడ్డుకి దూరంగా గుట్ట వారన ఒక చెట్టు. చిన్న చిన్న ఆకులు, కొమ్మలకి చిన్న ముళ్ళు, కిందకి వాలిన రెమ్మలు. దగ్గరికెళ్ళి ఆకు తుంచి చూసి, చెప్పులు విప్పేశాడు. "ఒరేయ్, ఇది జమ్మిరా!" అన్నాడు. మేమూ విప్పేశాం. అరబ్బులు ఘాఫ్ అంటారు దాన్ని. మనం దసరాకి పూజ చేసుకునే జమ్మిచెట్టూ అదీ ఒకటే జాతి. వేళ్ళు చాలా లోతుకి దించి, ఎక్కడో అడుగున ఉన్న నీటిని తాగి బతుకుతుంది. పైన వాన పడకపోయినా పచ్చగా ఉంటుంది. తరవాత ఎమిరేట్స్ వాళ్ళు దాన్ని తమ జాతీయ వృక్షం చేసుకున్నారు, ఇటు తెలంగాణ రాష్ట్ర వృక్షమూ జమ్మే. పాండవులు ఆయుధాలు దాచుకున్నారని మనం చెప్పుకుంటాం. మేం ఆ చెట్టు కింద దాచుకున్నది మా శుక్రవారాలు.

కార్తీకం రాగానే వనభోజనం అక్కడే అనుకున్నాం. "జమ్మి సరే, ఉసిరి ఏదీ?" అని ఒకడు మెలిక పెట్టాడు. మా మార్టేరు కుర్రాడు ఇంటినుంచి వచ్చిన ఉసిరికాయ పచ్చడి సీసా తెచ్చి చెట్టు మొదట్లో పెట్టాడు. శాస్త్రం సరిపోయింది.

గాడిపొయ్యి తవ్వబోతే అక్కడ తెలిసింది, పొడి ఇసుకలో గోడ నిలవదని. తవ్వుతుంటే తవ్విందంతా మళ్ళీ జారి నిండిపోయేది. ఆఖరికి సైటులో మిగిలిన సిమెంటు బ్లాకులు పేర్చి, విరిగిన సెంట్రింగు చెక్కలు మంటేశాం. జమ్మికొమ్మ ఒక్కటి ముట్టుకోలేదు. పులిహోర కలుపుతుంటే గాలి లేచి ఇసుక పడింది. తింటుంటే పళ్ళకింద కరకరమంది. కరీంనగర్ తమ్ముడు సర్వపిండి చేస్తానని బయల్దేరి, పెనం లేక గిన్నె మూత మీద చేశాడు. కడప అబ్బాయి మా పప్పులో కారం చాలదని అలిగాడు. మలయాళీ ఫోర్‌మన్ ఎక్కడినుంచో అరటిపళ్ళ గెల తెచ్చాడు. పఠాన్ మాత్రం తన ఖుబ్బూస్ రొట్టెలో మా పులిహోర చుట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా ఆపకుండా తిన్నాడు. తిన్నాక కంచాలు ఇసుకతోనే తోమేశాం. చుక్క నీళ్ళు ఖర్చు కాలేదు, కంచాలు అద్దాల్లా మెరిశాయి.

ఆ టేప్‌రికార్డరు సంగతి చెప్పాలి. దాన్లో ఘంటసాల పాటలు వినేవాళ్ళం, నిజమే. కానీ అసలు పని అది కాదు. ఉత్తరం రాయడం రానివాళ్ళు, రాసినా చాలనివాళ్ళు, ఖాళీ క్యాసెట్టులో మాట్లాడి ఊరికి పంపేవాళ్ళు. మా లేబరు క్యాంపులో ఒక గదికి అంతమంది ఉంటే ఇంటావిడతో ఏం మాట్లాడతాం? అందుకని ఒక్కొక్కళ్ళమే టేప్‌రికార్డరు పట్టుకుని గుట్ట వెనక్కి వెళ్ళేవాళ్ళం. తిరిగొచ్చినవాణ్ణి ఎవరూ మొహంలోకి చూసేవాళ్ళు కాదు. నా క్యాసెట్టు విని మా ఆవిడ జవాబులో అడిగింది: "వెనకాల ఆ హోరేంటండీ, అక్కడ వాన పడుతోందా?" గాలికి ఇసుక కొట్టుకునే చప్పుడది.

ఫోటోలూ దిగేవాళ్ళం. రోడ్డు పక్కన ఆగిన ఎవరిదో కారు ముందు, చెయ్యి బానెట్ మీద వేసి. మా మనవడికి ఈ సంగతి చెబితే, "అయితే నీదీ ఇన్‌స్టాగ్రామే కదా తాతయ్యా" అన్నాడు. కాదురా నాయనా. మేం ఏడాదికో ఫోటో దిగి, దాన్నే ఏడాది పొడుగునా చూపించుకునేవాళ్ళం. నువ్వు ఒంటె ఒంటెకీ దిగి, ఏదీ రెండోసారి చూడవు.

ఇక ఇప్పటి సఫారీకి వద్దాం. మధ్యాహ్నం తెల్లటి పెద్ద బండి గుమ్మంలోకి వచ్చింది. ఊరి బయట ఆపి టైర్లలో గాలి తీశారు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, ఇసుకలో కూరుకుపోదు. ఆ విద్య మాకూ తెలుసు. మా పఠాన్ పుల్లతో వాల్వు నొక్కి, చప్పుడుని బట్టి ఎంత పోయిందో చెప్పేవాడు. మేం క్షేమంగా ఇంటికి చేరడానికి గాలి తీసేవాళ్ళం. వీళ్ళు గుట్టలెక్కి దూకి, కడుపులో ఉన్నది నోట్లోకి తేవడానికి తీస్తున్నారు. దాని పేరు డ్యూన్ బ్యాషింగట. బండి ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా మా ఆవిడ అమ్మవారికి ఒక కొబ్బరికాయ మొక్కింది. దిగాక మా కోడలు, "ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగితే, "దీనికి ఇంతదూరం ఎందుకమ్మా, వానాకాలంలో మనూళ్ళో ఆటో ఎక్కితే సరి" అంది. మా ఆవిడ నాకంటే బాగా సణుగుతుంది. రాయదు, అంతే.

తరవాత సఫారీవాళ్ళ క్యాంపు. ఒంటె మీద ఎక్కించి, నాలుగడుగులు నడిపించి, దింపేశారు. ఒక మూల గోరింటాకు, ఇంకో మూల డేగని చేతి మీద పెట్టి ఫోటో. మధ్యలో స్టేజీ. దాని మీద గిరగిరా తిరిగే తనూరా నాట్యం, అది ఈజిప్టుది. తరవాత బెల్లీ డాన్సు, అదీ ఎమిరేట్స్ ఆట కాదు. అక్కడి వాళ్ళకి సొంతంగా అయ్యాలా అని ఒకటుంది. మగవాళ్ళు రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడి, సన్నటి వెదురుకర్రలు ఊపుతూ, డప్పుల మీద పాడతారు. యునెస్కో 2014లో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. మా రోజుల్లో వాళ్ళ పెళ్ళిళ్ళలో దూరంగా నిలబడి చూసేవాళ్ళం. మేం వెళ్ళిన క్యాంపులో మాత్రం దాని జాడే లేదు. ఎడారికి తీసుకెళ్ళి, ఎడారి మనుషులది తప్ప అందరిదీ చూపించారు.

బఫేలో పనీర్ కూర ఉంది, నూడుల్స్ ఉన్నాయి. క్యూలో నా ముందున్నాయన ఏ ఊరో నాకు తెలీదు, నా వెనకాయనకి నేనెవరో తెలీదు. భోజనాలయ్యాక మైకులో, "ఇప్పుడు లైట్లు ఆర్పుతున్నాం, చుక్కలు చూడండి" అన్నారు. ఆర్పారు. నేను తల పైకెత్తి, పిల్లలకోడి చుక్కలు ఎక్కడున్నాయా అని వెతుక్కుని, మనవడికి చూపిద్దామని చెయ్యి పట్టుకునేసరికి లైట్లు వేసేశారు. చుక్కలకి కూడా టైము కేటాయించారండీ!

అంతటితో వదల్లేదు మావాడు. చూడవలసిన వింతలని ఒక పట్టీయే తయారుచేశాడు.

ఒకటి, అల్ ఖుద్రా దగ్గర రెండు గుండెకాయలు ముడేసిన ఆకారంలో తవ్విన చెరువు. 2018లో జనానికి చూపించారు. పేరే లవ్ లేక్. గట్టు మీద నిలబడితే మామూలు చెరువే, గుండెకాయలు ఆకాశంలోంచి చూస్తేనే కనపడతాయి. మనిషి చూడ్డానికి కాదు, డ్రోను చూడ్డానికి తవ్వారన్నమాట. మా ఊళ్ళో చెరువు తవ్వితే ముందు గేదెలు దిగేవి.

రెండు, మిరాకిల్ గార్డెన్. 2013లో తెరిచారు. శుద్ధిచేసిన మురుగునీటితో కోట్లకొద్దీ పూలు పెంచుతున్నారు. ఆ పనితనానికి దణ్ణం పెట్టాలి. కానీ 2016 నుంచి అక్కడ పూలతో కప్పిన విమానం ఒకటుంది, అసలు ఏ380 అంత సైజు. దాన్ని చూసి అందరూ నోళ్ళు తెరిచారు. ఆ నీళ్ళు ఎలా మళ్ళీ వాడుతున్నారో చెప్పే బోర్డు కోసం నేను వెతికాను, నాకు కనపడలేదు. కడియం నర్సరీల్లో పూలు చూసి పెరిగినవాణ్ణి, నాకు పూలకంటే నీళ్ళే వింత.

మూడు, మాల్‌లో మంచు. 2005లో పెట్టిన స్కీ దుబాయ్. బయట ఎండ, లోపల సున్నాకంటే తక్కువ చలి, 2012 నుంచి పెంగ్విన్లు కూడా. ఆ పెంగ్విన్లకి ఏసీ నడిచే తీరు చూసి నాకు మా క్యాంపు గుర్తొచ్చింది. మాకు ఆగస్టులో ఏసీ పాడైతే బాగుచేసేవాడు వచ్చేసరికి సెప్టెంబరు అయ్యేది.

నాలుగు, షార్జాలో అల్ మదామ్ దగ్గర ఇసుక మింగిన ఊరు. ఇది మాత్రం చూడాల్సిందే. 1970ల్లో అప్పటిదాకా గుడారాల్లో తిరిగినవాళ్ళ కోసం రెండు వరుసల ఇళ్ళు, చివర ఒక మసీదు కట్టారు. కొన్నేళ్ళకి జనం వదిలేసి వెళ్ళిపోయారు. ఇప్పుడు తలుపుల్లోంచి ఇసుక లోపలికి వచ్చి, గదిలో సగం ఎత్తు దాకా పేరుకుంది. గోడలకి రంగు ఇంకా ఉంది. జిన్నులు తరిమాయని కథలు చెబుతారు. జిన్ను కాదు, గాలి. రోజూ ఊడ్చే మనిషి ఇంట్లో లేకపోతే ఎడారి లోపలికి వస్తుంది. నేను ఆ గడపలో కాసేపు నిలబడ్డాను. పక్కగదిలో ఒక జంట పెళ్ళిబట్టల్లో ఇసుక మీద పడుకుని ఫోటోలు తీయించుకుంటోంది. ఒకరు కాపురం వదిలేసి వెళ్ళినచోట కొత్త కాపురానికి ఫోటోలా? మా రోజుల్లో అయితే పెద్దవాళ్ళు చివాట్లు పెట్టేవాళ్ళు.

అయిదు, నాకు నచ్చింది. అబుదాబీ నుంచి లీవా వెళ్ళే దారిలో షేక్ హమద్ బిన్ హమ్‌దాన్ అల్ నహ్యాన్ గారి కార్ల మ్యూజియం. రెయిన్‌బో షేక్ అంటారాయన్ని. 1983లో పెళ్ళికి వారంలో రోజుకొకటి చొప్పున ఏడు రంగుల్లో ఏడు మెర్సిడెస్ కార్లు చేయించుకున్నాడని మా క్యాంపులో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళం. ఎడారి మధ్య పిరమిడ్ ఆకారంలో కట్టడం. బయట మనం చక్రం పక్కన నిలబడితే చీమలమైపోయేంత డాడ్జ్ ట్రక్కు, లోపల గదులతో సహా. ఇంకోపక్క భూగోళం ఆకారంలో చక్రాల ఇల్లు. పిచ్చి అనండి, కానీ అది ఆయన సొంత పిచ్చి. ఎవరి ఫోటోల కోసమో కంపెనీ కూర్చుని లెక్కలేసి చేసింది కాదు. వింతంటే అలా ఉండాలి.

ఆరు, ఒంటె పందాలు. మా కాలంలో చిన్నచిన్న పిల్లల్ని, మన ఉపఖండం నుంచి తీసుకొచ్చినవాళ్ళని, ఒంటెల మీద కట్టి పరిగెత్తించేవాళ్ళు. 2005లో ఎమిరేట్స్ ప్రభుత్వం దాన్ని ఆపింది. ఇప్పుడు ఒంటె మూపు మీద చిన్న రోబో ఉంటుంది. యజమాని పక్కనే కారులో దౌడు తీస్తూ రిమోటు నొక్కితే అది కొరడా ఝళిపిస్తుంది. చూడ్డానికి నవ్వొస్తుంది. కానీ నేను గొణగను. మా రోజులన్నీ మంచివి కావు, ఆ పిల్లల రోజులు అసలే కావు.

ఆ మాటకొస్తే ఇంకొన్నీ చెప్పాలి, లేకపోతే ముసలాడు అన్నీ పొగుడుకుంటున్నాడంటారు. మేం మిట్టమధ్యాహ్నం ఇనప ఊచలు పట్టుకుంటే అరచేతులు బొబ్బలెక్కేవి. తరవాత ఎమిరేట్స్‌లో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని నియమం వచ్చింది. వారాంతం మారింది. 2022 నుంచి అక్కడి ప్రభుత్వ ఆఫీసులకి శని, ఆదివారాలూ, శుక్రవారం సగమూ సెలవు. కువైట్ ఇళ్ళల్లో పనికెళ్ళిన మా గోదావరి ఆడవాళ్ళకయితే అసలు శుక్రవారమే ఉండేది కాదు. మేం జమ్మిచెట్టు కింద పులిహోర తినే వేళకి, మా వీధి ఆడవాళ్ళు ఎవరి పిల్లలకో అన్నం పెడుతూ నాలుగ్గోడల మధ్య ఉండేవాళ్ళు. 2015లో అక్కడ చట్టం వచ్చి వాళ్ళకీ వారానికో రోజు సెలవన్నారు. కాగితం మీద రాసింది ప్రతి ఇంట్లో జరగదు గానీ, రాసి ఉండటం కూడా గొప్పే. ఇక గుడి సంగతికొస్తే, మా రోజుల్లో మాకు గుడి అంటే బర్ దుబాయ్ సందులో, క్రీక్ పక్కన మేడమెట్లెక్కి వెళ్ళే చిన్న మందిరం. ఇప్పుడు అబుదాబీ వైపు అబు మురైఖా ఇసుకలో ఏడు శిఖరాల గుడి, 2024 ఫిబ్రవరి 14న తెరిచారు. మా ఆవిడ అక్కడ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, ఇసుక పడిందని చెప్పాను.

ఇవన్నీ మంచికే. నా గొణుగుడు వాటి మీద కాదు. ఎడారికి వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు, ఎడారిలో కూర్చునేవాళ్ళు తగ్గారు. అదీ నా బాధ. అన్నీ ఎవరో అమర్చిపెడితే మనం వెళ్ళి చూసొస్తాం. పొయ్యి తవ్వే పని లేదు, కట్టెలు వెతికే పని లేదు, కారం చాలదని అలిగే మనిషి లేడు. పని లేనప్పుడు పక్కవాడితో మాటెందుకు పడుతుంది? పడదు. ఫోను తీస్తాం.

పైగా తిన్నది అక్కడే వదిలేసి వస్తున్నాం. దుబాయ్ పశువైద్య పరిశోధకులు 2008 నుంచి చూసిన 30,000కు పైగా ఒంటెల్లో దాదాపు 300 కడుపులో ప్లాస్టిక్ గడ్డకట్టి చచ్చిపోయాయని తేల్చారు. గాలికి ఎగిరిన సంచి ముళ్ళపొదకి పట్టుకుంటే ఒంటె దాన్ని మేతనుకుంటుంది. కడుపు నిండిందనుకుని మేత మానేస్తుంది. దుబాయ్ 2024 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసే సంచులు నిషేధించింది. పెద్దపెద్ద బండ్లలో వెళ్ళేవాళ్ళకి చిన్న సంచి వెనక్కి తేవడం బరువైందంటే ఏమనాలి?

ఎడారిని మరీ ఆటస్థలం అనుకోకూడదండి. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్కరోజు తిరక్కుండానే 254 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఏడాది మొత్తానికి వంద పడితే గొప్ప అక్కడ. దుబాయ్ విమానాశ్రయం చెరువైపోయింది. మా అబ్బాయి వీడియో పంపి, "నాన్నా, వరద!" అన్నాడు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం మీద 35 లక్షల క్యూసెక్కులు పోయినప్పుడు మా వాళ్ళంతా గట్ల మీద ఉన్నారు, నేను ఎడారిలో ఉండి ఉత్తరం కోసం పడిగాపులు కాశాను. ఈసారి ఎడారిలో వరదొస్తే నేను గోదావరి గట్టున కూర్చుని కొడుకు ఫోన్ కోసం కాచుకున్నాను. నీళ్ళు ఎటొస్తే కాచుకోవడం నాకే పడింది.

దూరదేశాన్ని ఆడిపోసుకుని సొంత ఊరిని వెనకేసుకొస్తాననుకోకండి. మా పేరుపాలెం వచ్చి చూడండి కార్తీక ఆదివారం. డీజే పెట్టెలు, క్యాటరింగ్ వ్యాను, ఆకు బదులు థర్మాకోల్ పళ్ళెం. భోజనం సరిగ్గా పన్నెండున్నరకి. గాడిపొయ్యి తవ్వగలిగేవాడు మా వీధిలో ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్ళకీ మోకాళ్ళ నొప్పులు. పెనుగొండకి ఎక్కడెక్కడి నుంచో బస్సులేసుకొచ్చి 90 అడుగుల అమ్మవారి విగ్రహం చూసి వెళుతున్నారు. వచ్చిన వాళ్ళు ఏ చెట్టు కిందా కూర్చోరు, బస్సు హారన్ కొడుతుంది.

అన్నిటికంటే పెద్ద తెగులు ఇంకోటుంది. ఇప్పుడు వనభోజనం అంటే ముందు ఏ కులందని అడుగుతున్నారు. ఫలానా సంఘం వనసమారాధన ఫలానా తోటలో, ఫలానా వారిది ఈ తోటలో అని ఫ్లెక్సీలు. స్టేజీ, మైకు, శాలువాలు, నాయకుల ఉపన్యాసాలు. వనం లేదు, భోజనం పేరుకే, మిగిలింది బలప్రదర్శన. మా జమ్మిచెట్టు కింద బంతిలో ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో ఎవరూ చూడలేదు. పఠాన్ వడ్డించాడు, మేస్త్రి తిన్నాడు. ఆ మాట ఇక్కడ మైకులో చెప్పమంటే చెబుతాను గానీ, నన్నెవరు పిలుస్తారు?

అందుకని చదివేవాళ్ళకి, ముఖ్యంగా గల్ఫ్‌లో ఉన్న మా పిల్లలకి, ఒకటే మాట. చూడాల్సినవి చూడండి, టిక్కెట్లు కొనుక్కోండి, మీ డబ్బు మీ ఇష్టం. చలికాలం మొదలైతే అక్కడి అరబ్బు కుటుంబాలు తివాచీ ఒకటి, కాఫీ కూజా ఒకటి పట్టుకుని ఇసుకలోకి వెళ్ళి ఊరికే కూర్చుంటాయి. సరిగ్గా మన కార్తీకం వేళకే. మీరూ ఒక సెలవురోజు అలా వెళ్ళండి. ఒంటరిగా ఉన్న లేబరు క్యాంపు కుర్రాణ్ణి, సెలవు దొరికిన ఇంటిపని ఆవిణ్ణి పిలవండి, ఏ ఊరు, ఏ కులం అని అడక్కండి. అనుమతి ఉన్న చోటే పొయ్యి పెట్టండి, జమ్మికొమ్మ విరవకండి, వంట మీరే చెయ్యండి, చెత్త మొత్తం మూటగట్టి వెనక్కి తెచ్చుకోండి. ఫోటో కావాలంటే ఒక్కటి దిగండి. అందులో అందరూ ఉండాలి.